సున్నాకు సాక్షులు

2011లో నేను మరిపెడకు దగ్గరలోని ఒక మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. అప్పటికి మహబూబాబాద్ జిల్లా లేదు, మేమంతా వరంగల్ జిల్లా కిందే. మా సొంతూరు జనగామ. ఆఫీసు వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. గణాంకాల అధికారి పోస్టు ఖాళీగా ఉండడంతో, ఆయన పనుల్లో ఎవరికీ అక్కర్లేనిదాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టారు. అది వాన కొలిచే పని. జనం నన్ను 'వాన మేడం' అనేవాళ్ళు. అందులో గౌరవం తక్కువ, నవ్వు ఎక్కువ.

వానను కొలిచే పరికరాన్ని రెయిన్ గేజ్ అంటారు. పైన గరాటు, కింద సీసా, దాని చుట్టూ ఒక డబ్బా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్ళను మెజరింగ్ గ్లాసులో, అంటే మిల్లీమీటర్ల గీతలున్న గ్లాసులో పోసి, చూసి, రిజిస్టర్లో రాయాలి. సీసా పొర్లితే డబ్బాలో పడిన నీళ్ళు కూడా కలపాలి. ఇంతే పని. ఈ మాత్రం పనిలోనూ మొదటి ఏడాదే తప్పు చేశాను. రెండు రోజులు జనగామలో ఉండి, అక్కడి ఎండ చూసి, ఇక్కడ మాత్రం వాన ఎక్కడిదిలే అనుకుని తిరిగి రాగానే రెండు సున్నాలు వేసేశాను. తర్వాత సీసా ఎత్తితే నిండా నీళ్ళు. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. కానీ నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ తర్వాత సెలవైనా, జ్వరమైనా, కళ్ళతో చూడకుండా ఒక్క అంకె వేయలేదు.

ఆ ఏడు సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసు గేటుకు తాళం పడింది, గేటు ముందు టెంటు లేచింది. నేనూ టెంటులోనే ఉన్నాను. సినిమా హాల్లో మా మాట వినబడితే జనం పడీపడీ నవ్వడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, నాకు రాష్ట్రం ఎందుకు కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా మొదటి రోజు ఎనిమిదిన్నర కాగానే కాళ్ళు ఊరుకోలేదు. తాళంచెవి సీనియర్ అసిస్టెంటు యాదగిరి సారు దగ్గరుంది. మా సంఘానికి నాయకుడు ఆయనే. వెళ్ళి అడిగాను.

"సమ్మెల ఉండి డ్యూటీ జేస్తనంటవేందమ్మా? నలుగుట్ల మా ముఖం యాడ పెట్టుకోవాలె?" అన్నాడు.

"సమ్మె మనం జేస్తున్నం సార్, వాన జేస్తలేదు గద. ఇయ్యాల పడ్డది రేపు దొరకది" అన్నాను.

ఆయన ఒక పట్టాన ఒప్పుకునే మనిషి కాదు. నేనూ తక్కువ తినలేదు. చివరికి ఆయనే ఒక దారి చూపాడు. రిజిస్టరు ముట్టకూడదు, హాజరు వేయకూడదు, సొంత నోటుబుక్కులో రాసుకోవాలి. దొంగచాటుగా డ్యూటీ చేసిందని రేపు ఎవరూ అనకుండా, ఆ రోజు దీక్షలో కూర్చున్నవాళ్ళు గేజ్ దాకా వచ్చి, కళ్ళారా చూసి, అంకె కింద సంతకాలు పెట్టాలి. అవి రిలే దీక్షలు, రోజుకో సంఘం వంతు. అంటే నా సమ్మె నిజమేనని రోజుకో పంచనామా అన్నమాట.

అలా రోజూ పొద్దున మెడలో దండలతో ఐదారుగురు నా వెనక గేజ్ దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒకరోజు టీచర్లు, ఒకరోజు దర్జీలు, ఒకరోజు ఆటోవాళ్ళు. మొదట్లో ఆటపట్టించారు. "సున్నాకు గూడ సంతకమా మేడం?" అని దర్జీ ఒకాయన పడీపడీ నవ్వాడు. వారం గడిచేసరికి ఆ నవ్వులు తగ్గాయి. ఉత్తర కార్తె మొత్తం చుక్క పడలేదు. పత్తి పూత మీద ఉంది. హస్తలో పడుతుందిలే అన్నారు. బతుకమ్మలు ఆడినన్నాళ్ళూ మే నెల ఎండలాంటి ఎండ కాసింది. హస్తలోనూ వరసగా సున్నాలే.

తండా ఆడవాళ్ళ వంతు వచ్చిన రోజు మంగ్లి వచ్చింది. యాభై దాటిన లంబాడా మనిషి, ఉన్నదంతా వాన మీదే ఆధారపడ్డ చెలకలో పెట్టిన పత్తి. పంట పోయిన ప్రతిసారీ కొడుకులూ కోడళ్ళూ హైదరాబాదు పోయి మట్టి పనిలో చేరుతారు, మంగ్లి ఒక్కతే తండాలో మిగులుతుంది. తోటివాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో అని, సీసా తానే తీసి, వంచి చూసింది.

"ఏం జెప్పె బిడ్డా నీ డబ్బ?"

"సున్నా, అక్కా."

"మా చెలక సుత గదే జెప్తున్నది. పూత రాలె, పిందె రాలె. ఇగ మల్ల సామాను కట్టుడే" అని, నోటుబుక్కులో బొటనవేలు గట్టిగా ఒత్తింది.

చిత్త కార్తెలో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. రెండు గంటల్లో నెల వానంతా ఒక్కసారే దంచింది. టెంటు కూలింది, సీసా పొర్లింది. మర్నాడు పొద్దున డబ్బాలో నీళ్ళు కూడా కలిపి రాశాను. చెట్టు మీద మిగిలిన నాలుగు కాయలూ చెలకలో నిలిచిన నీళ్ళకు మురిగిపోయాయి.

సమ్మె ముగిసింది. కరువు మండలాల జాబితా తయారవుతుండగా జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. సమ్మె రోజుల లెక్కలు లేవు కాబట్టి వాతావరణ శాఖ అంచనా కట్టిన నెల మొత్తం వాననే చూస్తున్నామన్నాడు. ఆ ఒక్క మధ్యాహ్నం పుణ్యమా అని మొత్తంలో మా మండలం నార్మల్. నార్మల్ అయితే జాబితాలో ఉండదు. నాకు మంగ్లి వేలిముద్ర కళ్ళ ముందు మెదిలింది. మూడు వారాలకు మించి వాన లేకపోతే దాన్ని డ్రై స్పెల్ అంటారు. కరువు జాబితాకు అదీ లెక్కకొస్తుంది, కానీ రోజువారీ లెక్కలోనే కనబడుతుంది. నోటుబుక్కు తీసి ఆయన ముందు పెట్టాను.

"సమ్మెలో ఉన్నవాళ్ళు రాసుకున్నది ఎట్ల నమ్మాలమ్మా?" అన్నాడు.

"నన్ను నమ్మకండి సార్. సంతకాలు చదవండి" అన్నాను.

ఆయన పేజీలు తిప్పాడు. దర్జీలు, ఆటోవాళ్ళు, టీచర్లు, తండా వేలిముద్రలు. నాకు చెప్పకుండా తానే ముగ్గురిని ఎంచుకుని పిలిపించాడు. అందులో మంగ్లి ఒకతె. నన్ను బయట నిలబెట్టి వాళ్ళను విడివిడిగా అడిగాడు. తలుపు తెరిచే ఉండడంతో మంగ్లి మాట నాకు వినబడింది. "ఆ దినం సీసల సుక్క లేదు సారూ. నేనే వొంచి చూసిన."

తర్వాత నేను బీరువాలోంచి పాత రిజిస్టర్లు తెచ్చాను. నాకంటే ముందు కొలిచినవాళ్ళు రాసినవి. హస్త, చిత్త రోజుల పేజీల్లో వరసగా చిన్నచిన్న అంకెలు. ఇయ్యాల కాసింత, రేపు కాసింత, పంట తాగేటంత. ఇటీవలి ఏళ్ళ పేజీల్లో వరసగా సున్నాలు, మధ్యలో ఒక పెద్ద అంకె. కూడితే రెండూ దాదాపు ఒక్కటే. ఇప్పుడు దీన్ని వాతావరణ మార్పు అంటున్నారు. అప్పుడు నాకు ఆ మాట తెలియదు, శరత్కాలం మారిపోయిందని మాత్రం తెలిసింది. అధికారి చాలాసేపు చూసి, నా నోటుబుక్కు నకలు తీసి ఫైల్లో పెట్టుకున్నాడు. జాబితా వచ్చేసరికి మా మండలం అందులో ఉంది. యాసంగి పంటకు విత్తనాలు వచ్చాయి, అప్పుల గడువు పెరిగింది. ఆ ఏడు మంగ్లి ఇంట్లో ఎవరూ సామాను కట్టలేదు. యాదగిరి సారు ఊరంతటికీ 'మా వాన మేడం' అని చెప్పుకు తిరిగాడు. ఆ 'మా' అన్న మాటకు నేను నెల రోజులు గర్వపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

జాబితా వచ్చాక మంగ్లి ఆఫీసుకొచ్చింది. జాబితా చూపిస్తానంటే వద్దంది, నోటుబుక్కు చూపమంది. తన వేలిముద్ర వెతికి చూపించాను. దాని మీద వేలు పెట్టి, "గిది నాదే గద బిడ్డా. వాన రాలేదని నేను సుత జెప్పిన" అంది.

ఆ తర్వాత ఆఫీసుకు ఆటోమేటిక్ గేజ్ వచ్చింది, మనిషి అవసరం లేకుండా దానికదే లెక్క పంపుతుంది. మంచిదే. కొత్తగా చేరిన పిల్లలు ఈ పనిలో ఏం నేర్చుకున్నారు మేడం అని అడిగితే నేను చెప్పేది ఒక్కటే. వాన పడ్డ రోజు ఎవరైనా కొలుస్తారు. పడని రోజు కూడా వెళ్ళి, సీసా వంచి చూశాకే సున్నా వేయాలి. మా మండలాన్ని ఆ ఏడు నిలబెట్టింది ఆ సున్నాలే.