తంగళ్ళపల్లి షెడ్డులో దుప్పటి గుడ్డ

ఆ మధ్యాహ్నం షెడ్డులో ఉన్నవి: పన్నెండు సాంచాలు, అంటే మరమగ్గాలు, అందులో నడుస్తున్నవి ఏడు. మడతపెట్టిన తానులు ఇరవై రెండు. పోగులు లెక్కపెట్టే నా అద్దం ఒకటి. ఉన్నవాళ్లు: షెడ్డు నడిపే మా మేనమామ, ఆయన పెద్దల్లుడు (కోరుట్ల మనిషి, నాకు అన్న వరుస), నేను.

గుడ్డ ఎక్కడికి పోతుందో ముగ్గురికీ తెలుసు. ఏండ్ల తరబడి యుద్ధం ఆగని ఒక దేశం నుంచి పారిపోయి గుడారాల్లో బతుకుతున్నవాళ్లకు మన దేశం పంపే దుప్పట్లవి. ఒక్కో మూట మీద జెండా, దాని కింద ‘భారత ప్రజల కానుక’ అని అచ్చు వేస్తారు. సర్కారు తరఫున గుడ్డ పరీక్షించడం నా పని. అంగుళానికి నలభై నాలుగు పేక పోగులు, అంటే అడ్డపోగులు, ఉండాలి. మూడు తానుల్లో ఐదేసి చోట్ల చూశాను. ముప్పై ఆరు. మగ్గానికి పండ్లచక్రం మారిస్తే పోగులు పల్చబడతాయి, అదే పూటలో గుడ్డ ఎక్కువ దిగుతుంది.

"మామా, పండ్లచక్రం మార్చినవు."

"మార్చిన. అయితే ఏంది? బాంబులకు ఉరికెటోళ్లు అద్దం వెట్టుకొని పోగులు లెక్కవెడ్తరా?"

"నేను వెడ్త."

"గీ లెక్కలు నేర్పిచ్చిందెవడు రా? జగిత్యాల హాస్టల్ల మూడేండ్లు ఎవని బువ్వ తిన్నవు?"

ఆయనదే తిన్నాను. నేను వాపసు రాస్తే ఆ షెడ్డుకు ఈ పని మళ్లీ రాదు. అదీ నాకు తెలుసు.

మామ ఇంట్లోకి పోయి ఒక దుప్పటి తెచ్చి నా ముందు విసిరేశాడు. అల్లుడిది. అన్న పనిచేసే గల్ఫ్ ఊరిదాకా యుద్ధం పాకినప్పుడు, విమానం దొరికేదాకా తొమ్మిది రోజులు ఒక శిబిరంలో ఉంచారు. అక్కడిచ్చిన దుప్పటి.

"వెట్టు నీ అద్దం. మనోళ్లకు గాళ్లిచ్చిందెంతనో సూడు."

పెట్టాను. ముప్పై ఆరు. ఇంకో చోట ముప్పై ఐదు.

మామ చప్పట్లు కొట్టాడు. "ఇగ సంతకం వెట్టు, సారూ. నీ జెండాకేం నామోషి రాదు."

జెండా సంగతి నాకు పట్టలేదు. విమానం ఎక్కుతున్న మూటలను టీవీలో చూసి మురిసేవాళ్లెవరూ వాటిని కప్పుకోరు.

అన్న అంతవరకూ ఫోన్ చూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "మామా, ఆ శిబిరంల ముగ్గురం ముగ్గురి దుప్పట్లు కలిపి కప్పుకున్నం. అయినా ఎడారి సలికి పండ్లు కొట్టుకున్నయి. నువ్వు మొన్న గదాన్ని బండి తుడువనీకి అడిగినవు గద."

"నువ్వు ఊకో, అల్లుడా."

మిగతా పందొమ్మిది తానులూ విప్పి చూశాను. కాగితం రాశాను. మామ చింపేశాడు. ఇంకోటి రాశాను.

"ఇగ నా గడప తొక్కకు" అన్నాడు.

ఇప్పటిదాకా తొక్కలేదు.

వాపసు పంపిన తానులు: ఇరవై రెండు.