ఆ లింకు ఎవరూ నొక్కకండి

నిన్న శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నేను మా తెలుగు సంఘం నిఘా కమిటీ ఛైర్మన్‌ని. నాలుగున్నరకి అదే కమిటీ ముందు నిలబడ్డ ముద్దాయిని. ఆ గంటన్నరలో ఏం జరిగిందో చెప్తాను, మధ్యలో మాత్రం నవ్వకండి. నేనింకా తేరుకోలేదు. పొద్దున టీలో రెండుసార్లు పంచదార వేసుకున్నాను, నాకు షుగర్ ఉందన్న సంగతే గుర్తు రాలేదు.

నేను చేసేది కువైట్‌లో, అర్దియాలోని ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఒకటే పని, పక్కవాళ్లు చేసినదాంట్లో తప్పు పట్టడం. జీతం ఇచ్చేదే అందుకు. ఆ అలవాటుని ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలేసి ఇంటికి రమ్మంటుంది మా ఆవిడ లలిత. నా వల్ల కాలేదు.

ఇక మా సంఘం. సర్వసభ్య సమావేశమే కదా అని తేలిగ్గా తీసుకోకండి. మన బెజవాడ మున్సిపల్ కౌన్సిల్‌కి ఎక్కడా తీసిపోదు. అరుపులుంటాయి, వాకౌట్లుంటాయి. వాకౌట్ చేసినవాళ్లు బయట ఎండ చూసి రెండు నిమిషాల్లో మళ్లీ లోపలికి వచ్చేస్తారు, అదొక్కటే తేడా. మాకో పోలీసు శాఖ కూడా ఉంది. అంటే పసుపు జాకెట్లు వేసుకునే వాలంటీర్లు. పండగ భోజనాల దగ్గర లైన్లు చూసేది వాళ్లే. మామూలప్పుడు బంగారంలాంటి మనుషులు, జాకెట్ తగిలించుకుంటే తోడబుట్టినవాడిని కూడా గుర్తుపట్టరు. పన్నులు కూడా ఉన్నాయి. ఉగాది మేళాలో స్టాల్ పెట్టినవాళ్లు తలా ఇరవై దినార్లు కట్టాలి. నిన్న బ్నీద్ అల్ గార్‌లో హాలు తీసుకుని మేం కూర్చున్నది ఈ రెండింటి కోసమే. వాలంటీర్ల మీద నిఘాకి ముగ్గురితో కమిటీ వేయాలి, కట్టని స్టాళ్ల సంగతి తేల్చాలి.

ఆ కమిటీలోకి నేను వెళ్లి తీరాలి. పదవి మీద మోజు లేదని అబద్ధం చెప్పను, కొంచెం ఉంది. కానీ అసలు కారణం ఖాదర్ భాయ్.

ఖాదర్ భాయ్‌ది రాయచోటి. రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. భార్య అదే వీధిలో ఇంకో ఇంట్లో పని చేస్తుంది. మా లలిత కంది పొడి, కరివేపాకు పొడి చేసి అమ్ముతుంది కదా, ఆ వైపు ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకి ఆ పొట్లాలు చేరవేసేది ఈయనే. ఉగాదికి ఇద్దరూ వచ్చారు. ఫ్యామిలీ లైన్లో నిలబడితే వాలంటీర్ల కెప్టెన్ వచ్చి ప్లేటు చేతిలోంచి తీసుకుని, "డ్రైవర్లకి రెండో బంతి, అప్పటిదాకా బయట ఉండండి" అన్నాడట. రెండో బంతి దాకా ఉండటానికి వాళ్లకి టైమెక్కడిది? తినకుండానే వెళ్లిపోయారు.

నాకు ఈ సంగతి నెల తర్వాత తెలిసింది, అదీ పొడుల పొట్లాలు తీసుకోవడానికి వచ్చినప్పుడు మాటల్లో. "మా ఇంటామెకు వాళ్ల మామా మూడు గంటలే పర్మిషన్ ఇచ్చింది సార్. పండగ పూట అన్నం తినకుండానే పాయ. నేనేమన్నా దుడ్లు అడిగినానా? ఎందుకు పంపిచ్చినారని ఒకరు అడిగితే సాలు" అన్నాడు. మామా అంటే ఆవిడ పనిచేసే ఇంటి యజమానురాలు. అదే మేళాలో, ఆ లైనుకి పదడుగుల దూరంలో నిలబడి నేను పులిహోరలో ఉప్పు తక్కువైందని వాదిస్తూ ఉండి ఉంటాను. నేనడుగుతాను భాయ్ అని మాటిచ్చాను. ఫిర్యాదు కూడా నేనే రాశాను, ఇంగ్లీషులో నాలుగు పేజీలు, మా ఫ్యాక్టరీ ఫార్మాట్‌లో.

సరే, సమావేశం మొదలైంది. అధ్యక్షుడు మా డాక్టరు గారు, నెమ్మదస్తుడు. నర్సుగా చేసే మేరీ గారిని ఒకరు ప్రతిపాదించారు. ఆడిటరు గారిని ఇంకొకరు. మూడో పేరు నాది. కెప్టెన్ లేచి, "ప్రసాద్ గారైతే రోజుకో తప్పు పడతారు" అన్నాడు. "అందుకేగా ఆయన" అంది హాలు. చేతులెత్తారు, గెలిచాను, ఛైర్మన్‌ని కూడా చేసేశారు. వెనక వరసలో ఖాదర్ భాయ్ మొహం వెలిగిపోయింది. ముందు వరసలో లలిత మాత్రం ఎందుకో నా వంక అనుమానంగా చూసింది.

అక్కడితో కూర్చుని ఉంటే ఈ కథే లేదు.

రెండో అంశం, స్టాళ్ల బాకీలు. కోశాధికారి శ్యామ్‌ది హైదరాబాద్, తల పట్టుకుని లేచాడు. "పన్నెండు స్టాల్స్ సార్. పదకొండు మంది కట్టలే. ఈసారి క్యాష్ వద్దని అందరి ఫోన్లకి పేమెంట్ లింక్ ఎస్సెమ్మెస్ పంపిన. మూడుసార్లు పంపిన. వాళ్లల్ల ఒక్కలు నొక్కలే. ఎవ్వరి ఇజ్జత్ తీయను, పేర్లు చదవ."

లింకు నొక్కి కట్టిన ఆ ఒక్కరూ ముంత మసాలా పెద్దాయన. ఆయనకి వాట్సాప్ లేదు.

వాట్సాప్‌కీ దీనికీ ఏం సంబంధం అని డాక్టరు గారు అడిగారు. స్టాళ్లవాళ్లు ఒక్కొక్కరే నోరు విప్పారు. గాజుల స్టాల్ ఆవిడ, ఆ లింకు మోసమని గ్రూపులో వచ్చిందన్నారు. బిర్యానీ ఆయనకి కూడా వచ్చిందట. జంతికల దంపతులకైతే మూడు గ్రూపుల్లో వచ్చిందట. మొన్నీమధ్య ట్రాఫిక్ ఫైన్ కట్టమని దొంగ లింకులొచ్చి ఎంతమంది ఖాతాలు ఊడ్చుకుపోయాయో మీకు తెలుసుగా, అందరూ భయపడి ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

నాలో ఛైర్మన్ నిద్ర లేచాడు. అయిదు నిమిషాల వయసున్న ఛైర్మన్. మైకు తీసుకున్నాను. "ఇది చిన్న విషయం కాదు. సంఘం ఆదాయం మీద దెబ్బ. నిజమో కాదో చూసుకోకుండా ఈ పుకారు మొదట ఎవరు పుట్టించారో తేలాలి. ఆ మనిషిని ఈ హాల్లోనే, అందరి ముందూ నిలబెట్టాలి" అన్నాను. చప్పట్లు. గొంతు ఇంకొంచెం పెంచాను. "శ్యామ్, ఆ మెసేజీని స్క్రీన్ మీద వెయ్యండి."

వేశాడు.

పైన ఎర్ర అక్షరాల్లో 'పోలీసుల హెచ్చరిక'. కింద, 'మిత్రులారా, ఇటువంటి మెసేజీ వస్తే ఆ లింకు ఎవరూ నొక్కకండి. తెలుగులో ఫోన్ చేసి సంఘం పేరు చెప్పినా నమ్మకండి. ఇట్లు, మీ శ్రేయోభిలాషి.' కింద ఆ మెసేజీ ఫోటో. నేను చూసి, "పోలీసుల పేరు కూడా వాడుకున్నాడు చూశారా, ఎంత బరితెగింపు" అన్నాను. ఒట్టు, నాకు గుర్తు రాలేదు. రోజుకి అలాంటివి నాలుగైదు రాస్తాను. ఫోను చార్జింగ్ పెట్టి మాట్లాడొద్దని, పుచ్చకాయ ఫ్రిజ్‌లో పెట్టొద్దని. పైగా ఈ పోలీసు హెచ్చరిక రెండు వారాల క్రితం ఎవరి నుంచో నాకూ వచ్చింది. 'అక్షరాలా నిజం' అని రాసి ఇంకో నాలుగు గ్రూపులకి పంపాను.

"ఆ ఫోటో పెద్దది చెయ్యండి" అన్నాను. అదీ నేనే అన్నాను.

పెద్దది చేశాడు. ఇంగ్లీషులో ఒక లింకు, ఇరవై దినార్లు, చివర 'స్టాల్ 7'.

లలిత లేచింది. "ఏడో నంబరు నా పొడుల స్టాలే కదా. మరి నాకు ఏ మెసేజీ రాలేదే" అంది అమాయకంగా.

శ్యామ్ లాప్‌టాప్‌లో చూసి, "మీ ఫ్యామిలీ మెంబర్‌షిప్ సార్ పేరు మీదుంది మేడమ్. మెసేజ్ సార్ నంబర్‌కే పోతది" అన్నాడు.

పై ప్రాణం పైనే పోయింది. మీకు తెలుసుగా, ఇక్కడ మన ఇళ్లలో ఆడవాళ్ల వీసా మన మీద, సిమ్ము మన సివిల్ ఐడీ కార్డు మీద, ఆఖరికి సంఘం సభ్యత్వం కూడా మన పేరు మీదే. స్టాల్ ఆవిడది, మెసేజీలు నావి. నెల క్రితం ఆఫీసులో ఒకతను దొంగ లింకుకి నూట ఎనభై దినార్లు పోగొట్టుకున్న రోజే ఈ మెసేజీ వచ్చింది. 'స్టాల్ 7' అంటే ఏదో దొంగల కోడ్ అనుకున్నాను. ఫోటో తీసి, నాలుగు ముక్కలు రాసి, వాకింగ్‌కి వచ్చే నలుగురికి పంపాను. సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుందని పేరు కూడా పెట్టలేదు. పోలీసుల పేరు దారిలో ఎవరు తగిలించారో నాకు తెలీదు.

హాలు మొత్తం నా వంక చూస్తోంది. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. "ఆ మనిషి..." అన్నాను. మైకు కొంచెం దూరం జరిపాను. "ఆ మనిషిని నేనే." మైకులో చాలా స్పష్టంగా వినిపించింది.

ఎవరూ నవ్వలేదు, నవ్వినా బావుండేది. కెప్టెన్ ఒక్కడే లేచి, "నిఘా కమిటీ ఛైర్మన్ ఈయనా? ఇక ఖలాస్" అన్నాడు. నాకు సిగ్గు కంటే భయం ఎక్కువేసింది. నేను దిగిపోతే ఖాదర్ భాయ్ సంగతి ఎవరు అడుగుతారు? ఆ నాలుగు పేజీలు నా సంచిలోనే ఉన్నాయి. రాజీనామా చేస్తాను గానీ ఒక్క ఫిర్యాదు వినండి అని అడుగుదామంటే మొహం చెల్లలేదు.

అప్పుడు మేరీ గారు లేచారు, ఆవిడది అమలాపురం వైపు. "ఆ కుర్చీ ఖాదర్ గారికిచ్చేయండి. ఉగాదికి ఏం జరిగిందో నేను కళ్లారా చూశానండి. ఆ రోజు నోరెత్తకపోవడం నా తప్పేనండి" అన్నారు.

హాల్లో ఒక్కసారిగా గుసగుసలు. సంఘం పుట్టినప్పటి నుంచి కమిటీల్లో ఇంజనీర్లు, డాక్టర్లు, అకౌంటెంట్లు తప్ప ఇంకొకరు లేరని నాకు అప్పుడే తట్టింది. ఇన్నేళ్లుగా తప్పులు పడుతున్నాను, ఈ తప్పు నా కంటికి ఆనలేదు. డాక్టరు గారు చేతులెత్తమన్నారు. మొట్టమొదట లేచిన చెయ్యి లలితది. నన్ను తీసేసే ఓటుకి ఆవిడ అంత ఉత్సాహం చూపిస్తుందని అనుకోలేదు. రెండో చెయ్యి నాది.

హాలు ఐదింటిదాకా మనదే కాబట్టి కమిటీ పని ఇప్పుడే మొదలెట్టమన్నారు డాక్టరు గారు. మొదటి కేసు ఖాదర్ భాయ్‌దే, కాబట్టి ఆయన పక్కకి తప్పుకుంటే మిగతా ఇద్దరూ విన్నారు. నా నాలుగు పేజీలు భాయ్ చేతికిచ్చాను. తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, "ప్లేటు చేతిలో నుంచి తీసుకున్నారు. మా ఇంటామె చూస్తా ఉన్నింది. ఎందుకు తీసుకున్నారో చెప్పండి" అన్నాడు. అంతే. కెప్టెన్ ఏదో రూలు అన్నాడు, ఏ రూలో చూపించమంటే దొరకలేదు. చివరికి తల దించుకుని, "తప్పయింది భాయ్, వదినకి కూడా చెప్పండి" అన్నాడు. ఇక నుంచి లైను ఒక్కటే అని అక్కడికక్కడే రాసుకున్నారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడలేదనుకుంటా.

రెండో కేసు నేను.

ఖాదర్ భాయ్ కుర్చీలో కూర్చుని పెన్ను తీశాడు. నన్ను చూస్తే ఆయనకే ఇబ్బందిగా ఉన్నట్టుంది. "సార్, తప్పుగా అనుకోవద్దండి. ఆ మెసేజీ పంపేముందు శ్యామ్ సార్‌కు ఒక ఫోన్ కొట్టి కనుక్కున్నారా?"

ఇరవై రెండేళ్లలో ఈ ప్రశ్న నేను ఎంతమందిని అడిగానో లెక్కలేదు. పంపేముందు చెక్ చేశావా? జవాబు చెప్పేవాడికి చెమటలు ఎందుకు పడతాయో నిన్నే తెలిసింది. "లేదు భాయ్" అన్నాను. "రాసుకుంటున్నా సార్" అన్నాడు చాలా మర్యాదగా.

శిక్ష కూడా వేశారు. గ్రూపుల్లో ఇంకో మెసేజీ పెడితే దాన్నీ ఎవరూ నమ్మరు కాబట్టి, పదకొండు మందికీ నేనే స్వయంగా ఫోన్ చేసి, ఆ లింకు మోసం కాదు, నొక్కండి అని చెప్పాలి. హాల్లో ఉన్నవాళ్లే కదా, సులువే అనుకున్నాను. ఈ రోజు పొద్దున్నుంచి అదే పని. గాజుల ఆవిడ, నిన్న హాల్లో విన్నాను గానీ ఇది మీ గొంతేనని నమ్మకమేంటి అన్నారు. బిర్యానీ ఆయన నా సివిల్ ఐడీ ఫోటో పంపమన్నాడు, పంపితే ఇలాంటివి పంపకూడదని మీరేగా చెప్పింది అని కోప్పడ్డాడు. జంతికల దంపతులు నన్ను బ్లాక్ చేశారు. మిగతావాళ్లు చూద్దాం అన్నారు.

మొత్తం పదకొండు మందిలో నా మాట మీద ఇప్పటిదాకా డబ్బు కట్టింది ఒక్కరే, మా లలిత. అదీ వంటింట్లోకి వెళ్లి, శ్యామ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే.