రాతి అరుగు మీద లోమ్విగా పిల్లలు

మోర్తన్ కూతురు రాగ్నా మొదటిసారి నడుముకు మోకు కట్టుకుని కొండ అంచు దాటినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఫారో దీవుల్లోని ఆ చిన్న లంకలో అంతవరకూ ఏ ఆడపిల్లా ఆ కొండ దిగలేదు. మగవాళ్ళు దిగేది లోమ్విగా అనే సముద్రపు పిట్టలను కూరకోసం వలవేసి పట్టడానికి. రాగ్నా దిగింది వాటి పిల్లలను ఫొటో తీయడానికి.

పైన మోకు పట్టుకున్న ఆరుగురూ ఒకటే నవ్వు.

“మోర్తన్, మీ అమ్మాయికి సంబంధం కావాలంటే పైనే చూసుకోమను. కింద ఉన్నవాళ్ళందరికీ పెళ్ళిళ్ళైపోయాయి,” అన్నాడు పక్కింటి యాకుప్.

“వాగకుండా మోకు చూసుకో. అది నీలా బంగాళాదుంపల బస్తా కాదు, మనిషి,” అన్నాడు మోర్తన్.

అతను అందరికంటే ముందు, కొండ అంచునే కూర్చునేవాడు. మోకు ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో అతని చేతులకే తెలుసు. రాగ్నా రాయికి తగిలిందని ఎన్నడూ లేదు.

లోమ్విగా గూడు కట్టదు. ఒట్టి రాతి అరుగు మీద ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. గుడ్డు పగిలి మూడు వారాలు నిండేసరికి, ఇంకా ఎగరడమైనా రాని పిల్ల ఒక సాయంత్రం అక్కడినుంచి సముద్రంలోకి దూకేస్తుంది. “తల్లి వెనకే ఉండిపోతుందే. తండ్రి కింద నీళ్ళలో ఉండి పిలుస్తాడు. ఆ గొంతు ఆనవాలు పట్టే దూకుతుంది పిల్ల,” అని మోర్తన్ కూతురికి చెప్పాడు. ఆ దూకడాన్ని ఫొటో తీయడానికి రాగ్నాకు నాలుగు వేసవులు పట్టింది. ఆ ఫొటోను మోర్తన్ చొక్కా జేబులో పెట్టుకుని పడవ దిగిన ప్రతివాడికీ చూపించాడు.

రాగ్నా పెళ్ళి చేసుకోలేదు. లంకలో ఉత్తరాలు పంచడం, పడవ వస్తే తాళ్ళు అందుకోవడం ఆమె పని. ఏటా జూలైలో మాత్రం అదే అరుగు, అదే రాయి పక్కన నిలబడి ఫొటో. ఒక చలికాలం వాటన్నిటినీ వంటింటి బల్ల మీద వరసగా పరిచింది. మొదటి ఫొటోలో రాయి కనపడనంతగా పిట్టలు. చివరి దానిలో రాయే ఎక్కువ.

పక్షుల లెక్క రాసుకునే ఒకమ్మాయి రేవు పట్నం నుంచి వస్తే రాగ్నా ఆ ఫొటోలు ఇచ్చింది. అవి తిరిగి తిరిగి బడిగదిలో జరిగిన ఊరి సమావేశానికి వచ్చాయి. ఇకమీదట పిట్టలు పట్టాలా, మానాలా? మోర్తన్ లేచి, “మా తాతల కాలం నుంచి పట్టాం. ఒక అరుగు మీద పట్టుకుంటే మరుసటి ఏడు దాని జోలికి పోలేదు. కొండను తినేసినవాళ్ళం కాదు,” అన్నాడు. మానేద్దామనేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. రాగ్నా చెయ్యెత్తింది. తండ్రివైపు చూడకుండానే ఎత్తింది. ఆ ఏటినుంచి పట్టడం ఆగిపోయింది.

ఇంటికొచ్చాక మోర్తన్ ఒక్క మాటే అన్నాడు. “ఆ బొమ్మలకి మోకు పట్టింది నేనే కదే.”

ఆ తర్వాత ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర నాలుగేళ్ళు. ఎండు మాంసం కోసి ఆమె పళ్ళెంలో వేసేవాడు. తలుపు మూసెయ్, పడవొచ్చింది, అంతవరకే మాటలు. అయినా జూలై వచ్చేసరికి, పిలవకుండానే వచ్చి అంచున కూర్చునేవాడు. కూతురి మోకు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఆమె పైకొస్తే ముడి విప్పి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయేవాడు.

నాలుగో ఏడు వెళ్ళిపోలేదు.

“ఎన్ని?” అన్నాడు.

“రెండు పిల్లలు, నాన్నా.”

“మేం పట్టడం మానేశాం కదా.”

“మానేశారు.”

“మరి ఏవీ?”

“నీళ్ళు వెచ్చబడ్డాయట. పిల్లలకు పెట్టే సన్నచేప దొరకట్లేదట. తల్లీతండ్రీ ఎంత దూరం పోయినా ఉత్త నోటితోనే వస్తున్నాయి.”

మోర్తన్ మోకు చుట్టడం మొదలుపెట్టాడు. “అయితే ఊరికే మానేశామన్నమాట,” అన్నాడు.

కాదు నాన్నా, పట్టి ఉంటే ఆ రెండూ కూడా ఉండేవి కావు, అనాలనుకుంది రాగ్నా. అది నిజమో కాదో ఆమెకే తెలియదు. ఆ చేతులకు తన మోకు పట్టడం తప్ప వేరే పని లేకుండా చేసింది తానేనన్న మాట మాత్రం చెప్పాల్సి ఉంది. ఇంటికెళ్ళాక చెబుదాం అనుకుంది. ఇంటికెళ్ళాక రేపు అనుకుంది. ఫిబ్రవరిలో నాన్నకు న్యుమోనియా పట్టుకుంది. తుఫానుకు హెలికాప్టర్ రాలేదు. మూడోరోజు మోర్తన్ పోయాడు. ఆ మూడు రోజులూ రాగ్నా పక్కనే కూర్చుంది. అతనికి స్పృహ లేదు.

ఆ జూలైలో అంచున యాకుప్ కూర్చున్నాడు. ముసలివాడైపోయాడు, హాస్యాలు మానేశాడు. రాగ్నా దిగింది. అరుగు మీద ఒక్కటే పిల్ల ఉంది, తెల్లపొట్ట, నల్లవీపు, తండ్రి రెక్క కింద సగం దూరి. ఆమె ఫొటోలు తీసింది. సాయంత్రం దాకా అక్కడే వేలాడుతూ ఆగింది. తండ్రిపిట్ట ముందు దిగిపోయింది. కింద నీళ్ళమీంచి ఆ బొంగురు గొంతు పిలవడం మొదలుపెట్టింది. పిల్ల అంచుదాకా నడిచింది, వెనక్కొచ్చింది, మళ్ళీ నడిచింది. దూకింది. రాగ్నా మీట నొక్కింది. చాలాసేపు కింద వెతికితే ఒక పెద్ద చుక్క, దాని పక్కన చిన్న చుక్క, రెండూ లోతు సముద్రం వైపు పోతూ కనబడ్డాయి.

మోకు రెండుసార్లు లాగి సైగ చేసింది. యాకుప్ తొందరపడి లాగించాడు. దారిలో ఆమె మోకాలు రాయికి గట్టిగా కొట్టుకుంది. పైకొచ్చి గడ్డిమీద కూలబడి రాగ్నా ఏడ్చింది. నాన్న పోయిననాడు కూడా అలా ఏడవలేదు.

“అయ్యయ్యో, నా చేతులు పాడుగాను. చాలా నొప్పిగా ఉందా అమ్మా?” అన్నాడు యాకుప్, బెదిరిపోయి.

“ఆఁ, చాలా నొప్పిగా ఉంది,” అంది రాగ్నా.