తన బ్యానర్ తానే కట్టుకున్న అప్పారావు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను సౌదీలో దమ్మామ్‌లోని మా కంపెనీ క్యాంపుకు సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. ఇంజనీర్ల కోసం కట్టిన ఐస్ రింక్ కూడా నా పరిధిలోకే వచ్చింది. బయట ఎండకు చెప్పులు తారుకు అతుక్కుపోతుంటే, లోపల స్వెట్టర్లు తొడుక్కుని మంచు మీద హాకీ ఆడేవారు. మొదటిరోజు చూసి నాకు నవ్వాగలేదు.

ఆ జట్టులో పదిహేడో నంబరు అప్పారావు. అమలాపురం దగ్గరివాడు. ఉద్యోగం రిగ్గర్, అంటే బరువులు ఎత్తి కట్టే పనివాడు. రింక్ కప్పుకు లైట్లు బిగించడానికి వచ్చి, మనిషి తక్కువైతే ఆటలో నిలబడ్డాడట. ఏడేళ్లలో ఒక్క గోలూ కొట్టలేదు. తమ గోలు వైపు వచ్చిన ప్రతిదానికీ మాత్రం మోకాలు అడ్డం పెట్టాడు. అతను ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం వదిలి శాశ్వతంగా ఇంటికి, వెళ్లిపోతున్నాడని తెలిసి, ఇకపై పదిహేడో నంబరు చొక్కా ఎవరికీ ఇవ్వకూడదని జట్టు తీర్మానించింది. అలాంటి చొక్కాను పెద్ద బ్యానరుగా కుట్టించి కప్పుకు వేలాడదీయడం ఆ ఆటలో ఆనవాయితీ.

ప్రయాణం రోజు మూడింటికి సభ, నాలుగింటికి ఎయిర్‌పోర్టు కారు. అక్కడి ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న అప్పారావు భార్య మేరీ కూడా వచ్చింది. బ్యానరు మాత్రం ఇంకా నేల మీదే ఉంది. ఎత్తులో చేసే పనికి పర్మిట్ కావాలి. ఎత్తులో పనికి శిక్షణ పొందినవారికి ఒక కార్డు ఇస్తారు; ఎక్కే మనిషి కార్డు నంబరు లేని పర్మిట్ మీద నేను సంతకం చేయను. కార్డున్న మిగతా ఇద్దరూ ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి యాన్బు ఊరికి వెళ్లారు. మేనేజరు బతిమాలాడు. నేను ససేమిరా అన్నాను.

"ఆయ్, దీనికింత గొడవెందుకు సార్? నేనెక్కేత్తాను," అంటూ అప్పారావు కొత్త కోటు విప్పి మేరీ చేతికిచ్చాడు.

అతనికీ కార్డుంది కాబట్టి నియమం ప్రకారం తప్పేమీ లేదు. సంతకం పెట్టాను. అతను నిలబడిన లిఫ్ట్ బండి తొట్టి పైకి లేచింది. మేనేజరు అతని వీపును చూస్తూ ఉపన్యాసం చదివాడు. జనం చప్పట్లు కొట్టబోతే నేనే చెయ్యెత్తి ఆపాను. పైన మనిషి ఉండగా అతని దృష్టి మళ్లించకూడదు.

"మా ఆయన్ని చూద్దామని డ్యూటీ మార్చుకునొచ్చానండి. వీపే కనబడతా ఉంది," అంది మేరీ నాతో. నాకు సిగ్గేసింది. అయినా చెయ్యి దించలేదు.

అప్పారావు దిగి, బ్యానరు ఎడమపక్క జానెడు వాలిందని తనే గమనించి మళ్లీ ఎక్కాడు. పర్మిట్ మూసేముందు పనిముట్లు సరిచూడాలి. ఒక స్పానర్ తగ్గింది. మూడోసారి ఎక్కి దాన్నీ తెచ్చాడు. అప్పటికే బయట కారు హారన్ మోగుతోంది.

"వత్తాను సార్. ఆ ఎడంపక్క ముడి ఓసారి చూడండేం," అని మేరీ చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు.

నేను చివరి సంతకం పెట్టి, ఇక చప్పట్లు కొట్టవచ్చని ప్రకటించాను. హాలంతా లేచి నిలబడి చొక్కాకు చప్పట్లు కొట్టింది. కారు గేటు దాటిపోయింది.

ఒక పనికి కార్డున్న మనిషి ఒక్కడే మిగిలితే అతణ్ణి సన్మానానికి కూడా కూర్చోబెట్టలేమని ఆ రోజు నేర్చుకున్నాను. రిటైరయ్యేలోగా ఆ క్యాంపులో మరో నలుగురికి కార్డులు ఇప్పించాను.