మొగిలవ్వ చూసిన విమానాలు

“నువ్వే సూడు ఎల్లేశం. ఇమానం కింద వడ్డది, నిలవడ్డది గూడ. ఒక్కడన్న లేశిండా? ఒక్కడన్న మీదికెళ్లి సామాన్ల డబ్బ గుంజుకుంటుండా? గిది అబద్దం. ఎవ్వలడిగినా జెప్త, గిది అబద్దం.”

అంత మాట అంటున్నా మొగిలవ్వ చేతులు మాత్రం ఆగలేదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, వేళ్ల మధ్య సగం చుట్టిన బీడీ. ఆమె కూర్చున్నది కోరుట్ల బస్టాండు ముందర, నడిరోడ్డు మీద. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపో గేటు దాటడం లేదు. రోడ్డుకు ఒక పక్క వంటావార్పు పొయ్యిల మీద పప్పు ఉడుకుతోంది. ఇంకో పక్క బీడీలు చేసే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని వరుసగా కూర్చున్నారు. ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చి చేయడమే ఆ నెలలో ధర్నా.

వాళ్లకు ఎదురుగా గొంతుక్కూర్చుని ఫోను చూపిస్తున్నవాడు ఎల్లేశం. బస్టాండు పక్కన, మెమరీ కార్డుల్లో పాటలెక్కించే చిన్న దుకాణం అతనిది. పుట్టింది సిరిసిల్లలో, సాంచల మధ్య. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఆ మోతలో పెరిగినవాళ్లకు ఎదుటి మనిషి మాట్లాడితే తల వంచి, పెదాలు చూస్తూ వినడం అలవాటైపోతుంది. సాంచ వదిలి, ఎవరూ నేర్పకుండానే కంప్యూటరు నేర్చుకొని కోరుట్ల చేరినా ఎల్లేశం ఆ వినడం మానలేదు. అందుకే దుకాణంలో పాటల కోసం వచ్చేవాళ్ల కన్నా ముచ్చట చెప్పుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఫోన్లో ఉన్నది నెట్టులోంచి దించిన వీడియో. పెద్ద విమానం ఒకటి గాలికి అటూ ఇటూ ఒరుగుతూ వస్తుంది. ఒక రెక్క నేలను గీరినంత పని చేస్తుంది. చక్రాల కింద నిప్పురవ్వలు లేస్తాయి. తర్వాత విమానం లోపల. జనం ముందు సీటుకు తలలు ఆనించి ఏడుస్తుంటారు.

“లేవకుంటె అబద్దమెట్లయితదక్కా?” అన్నాడు ఎల్లేశం.

“మావోడు జెప్పిండు గదా. చక్రం నేలకు తాకుడే ఆలిశం, మనోళ్లందరు లేశి నిలవడ్తరట. ఇమానంల పనిచేసే పిల్ల కూసోండ్రి కూసోండ్రి అని మొత్తుకుంటదట, ఒక్కడు ఇనడట. డబ్బలు గుంజుడు, ఒకని మీద ఒకడు వడుడు. బస్సుల సీటుకు కిటికీలకెళ్లి తువ్వాల ఏసెటోళ్లు ఇమానమెక్కంగనే మారుతరా?”

పక్కన కూర్చున్న శంకరవ్వ నోట్లోని దారం తీసి అందుకుంది. “గాలిమోటరు సంగతి నాకు తెల్వదు గని మొగిలీ, మీ ఆయన భయపడేది దానికి గాదే, నీ నోటికి.”

వరుస వరుసంతా ఘొల్లుమంది. “నోరుండవట్టే గదనే, నీ అసొంటోళ్ల నడుమ బతుకుతున్న,” అని మొగిలవ్వ కూడా నవ్వింది. నవ్వింది గానీ, ఆ తర్వాతి బీడీకి దారం బిగించబోతే పుటుక్కున తెగింది. ఎల్లేశం అది చూశాడు.

ఆ వీడియో వెనుక ఉన్న సంగతి అతనికి తెలుసు. మొగిలవ్వ భర్త మొండయ్య మస్కట్లో ఉంటాడు. ఇంటికి వచ్చిపోయి అయిదేళ్లయింది. ఇన్నేళ్లూ ఒకసారి కంపెనీ వదలలేదన్నాడు, ఒకసారి వీసా అన్నాడు, ఇంకోసారి తెలంగాణ గొడవలు చల్లారనీ అన్నాడు. ఈసారి కంపెనీయే పిలిచి సెలవిచ్చింది, నెలాఖరులోపు బయలుదేరాలి. తీరా పోయిన శుక్రవారం ఫోను చేసి, రానన్నాడు. రూములో ఎవరో ఈ వీడియో చూపించారట. “ఇమానం గిట్ల దిగుతది మొగిలీ. నేను ఎక్క,” అన్నాడు.

మొగిలవ్వ విమానం దగ్గరగా చూసింది లేదు. అయినా ఆ వీడియో అబద్ధమని తేలిస్తే మనిషి వస్తాడని ఆమె నమ్మకం. నిజమైతే రాడు. అంతే ఆమె లెక్క. అందుకే రోజూ ఒకసారి ఎల్లేశం దగ్గరికి వచ్చి “ఇంకోపారి ఎయ్యి” అనేది. వెతికితే అలాంటివి ఇంకా దొరికాయి. సముద్రం మీద దిగినవి, రోడ్డు మీద దిగినవి, ముక్కు చక్రం లేకుండా దిగినవి. కార్ఖానాలో బీడీలు చూసి వంకరవి పక్కకు పడేసినట్టు ఆమె ఒక్కొక్కటే పక్కకు పడేసేది. “గిది అబద్దం. గిది గూడ. గిది… ఏమో, జర మల్ల ఎయ్యి.” అడ్డదిడ్డంగా ఎండ్రకాయలా పక్కకు నడుస్తూ వచ్చి, చివరి నిమిషంలో సూటిగా తిరిగి దిగిన విమానాన్ని చూసి పడీ పడీ నవ్వింది. “ఇమానం గట్ల పక్కపొంటి అస్తదా, తాగినోడు నడిశినట్టు!” ఎల్లేశం కూడా అబద్ధమే అనుకున్నాడు.

చూస్తూ చూస్తూ ఆమె తన ముచ్చట కూడా చెప్పుకునేది, అతను తల వంచి వినేవాడు.

పుట్టింది రుద్రంగిలో. కూలి చేసుకునే కుటుంబం. పెళ్లయి కోరుట్ల వచ్చేనాటికి మొండయ్య బావులు తవ్వేవాడు. అతను అడుగున ఉంటే మట్టీ రాళ్లూ పైకి లాగడానికి పైన మనుషులు కావాలి. కొత్త పెళ్లికూతురు, చేతుల పసుపు పోకముందే తాడు పట్టింది. “నేనున్నంకనే దిగెటోడు. నేను కడుపుతోని ఉన్నప్పుడు పని బందువెట్టిండు గని, ఇంకొకలకు తాడియ్యలే. సూసెటోళ్లు నవ్విరి.” బండ తగిలితే మందు పెట్టి పేల్చేవాళ్లట. పొగ చల్లారకముందే మొండయ్య మళ్లీ దిగేవాడట. అడుగున ఊట తగలగానే పైకి కేకేసేవాడట, మొదటి చెంబుడు నీళ్లు బురదవైనా ఆమెకే పంపేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు మొగిలవ్వ ఫోను వైపు చూసేది కాదు.

తర్వాత బోరు బండ్లు వచ్చాయి. ఒక్క రాత్రిలో బోరు వేసి పోతుంటే నెలల తరబడి బావి తవ్వించుకునేది ఎవరు? బావి పని పోయింది, మొండయ్య మస్కట్ పోయాడు. ఆమె బీడీల మీద కూతురు రజనిని జగిత్యాలలో చదివిస్తోంది.

“గంత లోతు బాయిలకు దిగినోడు ఇమానంకెళ్లి దిగెతందుకు భయపడ్తడా తమ్మి?” అని ఒకరోజు తనే అడిగింది. ఆ ప్రశ్న వెనుక ఇంకో ప్రశ్న ఉందని ఎల్లేశంకు తెలుసు. దాన్ని శంకరవ్వ ఎప్పుడో నోరు తెరిచి అనేసింది, “ఆడ ఇంకో పొయ్యి రాజేశిండేమోనే” అని. ఆ రోజు మాత్రం వరుసలో ఎవరూ నవ్వలేదు.

ఎల్లేశంకు ఆ వీడియో అంతు చూడాలని పట్టుదల వచ్చింది. కోరుట్లలో కరెంటు ఉంటే నెట్టు ఉండదు, నెట్టు ఉంటే కరెంటు ఉండదు. దోస్తు బండి మీద, రాస్తారోకోలు తప్పించుకుంటూ పొలాల బాటన జగిత్యాల పోయి, పాత బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో కూర్చున్నాడు. అదే వీడియో ఒకచోట ఒక దేశం పేరుతో, ఇంకోచోట వేరే దేశం పేరుతో కనిపించింది. కింద జనం రాసిన మాటలను కూడబలుక్కుంటూ, అర్థం కానివి మళ్లీ మళ్లీ చదువుతూ మూలం దాకా పోయాడు. చివరికి దొరికింది. బయటి నుంచి కనిపించే విమానం అసలు విమానమే కాదు. కంప్యూటరులో విమానం నడిపే ఆట ఒకటి ఉంది, ఎవడో ఆడుతూ తీసిన బొమ్మ అది. తీసినవాడే ఆ సంగతి రాసి పెట్టాడు. ఇంకెవడో దాన్ని కత్తిరించి, లోపల జనం ఏడ్చే ముక్క ఇంకో వీడియోలోంచి తెచ్చి అతికించాడు. ఆ ఏడ్చే ముక్క మాత్రం నిజం. గాలివానలో కుదుపులకు భయపడిన జనం, విమానం దిగాక లేవమన్నా లేవకుండా కూర్చున్నారు. ఎండ్రకాయలా పక్కకు నడిచిన విమానమూ నిజమే. గాలి అడ్డంగా కొడితే అలాగే వస్తాయట.

తర్వాతి శుక్రవారం షట్టరు సగం దించి ఉన్న దుకాణంలో ఎల్లేశం ఇదంతా మొగిలవ్వకు చెప్పాడు.

“అంటె నేను అబద్దమన్నది నిజమా?”

“అవునక్కా. లోపట కూసున్నోళ్లు నిజం.”

“మరి నేను నిజమనుకున్న ఇమానం?”

“అది పిల్లలాడుకునే ఆట.”

“నా నెత్తి గాలిపోను,” అని నవ్వుతూ నెత్తి కొట్టుకుంది. వెంటనే ఫోను తీసి మిస్డ్ కాల్ ఇచ్చింది. శుక్రవారం అక్కడ సెలవు. రెండు నిమిషాల్లో మొండయ్య తిరిగి చేశాడు. స్పీకరు పెట్టమని ఎల్లేశంకు సైగ చేసింది.

“ఓ రజని బాపు, నువ్వు సూశింది ఆటట! కంపూటర్ల ఆడుకునేదట! సిరిసిల్ల ఎల్లేశం లేడా, జగిత్యాల దాక వోయి పట్టుకచ్చిండు. ఇగ నీకు భయం లేదు. ఎక్కు.”

అవతల తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

“నాకెర్కనే మొగిలీ,” అన్నాడు మొండయ్య. “రూముల పోరగాండ్లు అప్పుడే జెప్పిండ్రు, అది ఆటదని.”

మొగిలవ్వ మొహంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. ఎల్లేశం లేచి షట్టరు కింద నుంచి బయటికి దూరబోయాడు. ఆమె అతని చొక్కా అంచు పట్టి ఆపింది.

“మరెందుకు రానన్నవ్?” అంది, మెల్లగా.

“పోయినసారి అచ్చిన జూడు. వాన దంచి కొడ్తుంది. ఇమానం దిగినట్టే దిగింది. ఇగ చక్రం తాకుతదనంగ, మల్ల మీదికి లేశింది. మబ్బుల శానసేపు తిప్పిండ్రు. కిటికీలకెళ్లి ఏం గనపడది. పానం అప్పుడే పోయింది మొగిలీ. వాపసు అచ్చేటప్పుడు కండ్లు తెరవలే.”

“గట్ల జెప్పకపోతివి. అందరు లేశి డబ్బలు గుంజుకున్నరని నగుకుంట జెప్తివి గదా?”

“అందరు లేశిండ్రు. నేను లేవలే. కాళ్లు రాలే. మెట్‌పల్లి పోరడు జబ్బ వట్టి లేవట్టిండు. వాడు జెప్పినకాడికెళ్లి ఇక్కడ క్యాంపుల అందరు నన్ను జూసి నవ్వుడే. భయమైతుందంటె నవ్వుతరు. గీ వీడియో సూపిచ్చి భయమంటె ఎవ్వలు నవ్వలే.”

“బాయిలకు దిగినవు గదయ్యా! పొగల దిగినవు!”

“ఆడ తాడు నీ చేతుల ఉండె. తలకాయెత్తి సూత్తె నీ మొకం గనపడుతుండె. గిండ్ల ఎవడు దించుతుండో, వాని మొకమే కానరాదు.”

మొగిలవ్వ ఫోనును రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది. మొండయ్య తిన్నావా అని అడిగాడు. తిన్న అంది. రజని చదువుతోందా అని అడిగాడు. చదువుతుంది అంది. “సెలవు వాపసియ్యకు. నెల అయిపోయేదాక ఎవ్వలకు ఏం జెప్పకు,” అని మాత్రం అని, ఫోను పెట్టేసింది.

బయట రోడ్డు మీద జై తెలంగాణ నినాదాలు ఒకసారి పెద్దగా లేచి అణిగాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నాక ఆ మొహం తేలికపడినట్టు అనిపించింది ఎల్లేశంకు, కళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

“పిచ్చోడు. అయిదేండ్లు, తమ్మి. నా మీద మనసిరిగిందనుకుంటి. ఒక్క మాట జెప్తె అయిపోవు గదా.” కొంగు నడుముకు చెక్కుకుంటూ, “మంచిగ దిగే వీడియోలు లేవా నెట్ల?” అంది.

“మంచిగ దిగేది ఎవడు సూత్తడక్కా? వెతికితె దొరుకుతయి గని…”

“వద్దు. ఎవడో తీశింది ఆయన నమ్మడు. నాకు గూడ నమ్మబుద్ది గాదు ఇగ.” లేచి నిలబడి చాట చంకన పెట్టుకుంది. “శంషాబాద్ల గోడ అవతల నిలవడితె ఇమానాలు దిగేది కనపడుతదంటరు. నువ్వు వో. బస్సులు లేవని తెలుసు, నీ దోస్తు బండి అడుగు. సిరిసిల్ల మీదికెళ్లే గదా తొవ్వ, మీ అవ్వను సూసినట్టుంటది. మస్కట్ ఇమానం ఎన్నింటికస్తదో అడిగి, అదే తియ్యి. ఊకె తియ్యకు, తీసుకుంట మాట్లాడు. మన మాటల, మొండయ్యా గిదిగో అస్తుంది, గిదిగో దిగుతుంది అని జెప్పు. గాయన నీ గొంతు ఇనాలె.”

“పోతనక్కా. రేపే పోత.”

“రేపు వద్దు, రేపు ఎండ గొడ్తది. మబ్బు వట్టిన నాడు వో. వానల దిగేది గావాలె నాకు. గొంగడిస్త, కప్పుకొని తియ్యి.”

ఎల్లేశం తల గీరుకున్నాడు. “వానల గూడ… దిగినట్టే దిగి మల్ల మీదికి లేస్తెనో?”

“లేస్తె లేవనియ్యి,” అంది మొగిలవ్వ. “మల్ల అచ్చి దిగేదాక తీస్తనే ఉండు.”