బొల్లి కార్జంలో నీటితిత్తి

1993 ఫిబ్రవరి 8, సోమవారం, ఉదయం ఏడుంపావు. ఎల్లారెడ్డి బయట మా గొర్రెల షెడ్డులో అల్ట్రాసౌండ్ మిషన్ మొదటిసారి వెలిగింది ఆ వేళకే. అప్పుడు నేను కామారెడ్డిలోని ఒక పశువ్యాధుల ప్రయోగశాలలో టెక్నీషియన్‌ను. దారి గతుకులకు దెబ్బ తగలకుండా మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని జీపులో తెచ్చాను.

కుక్క పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు గుడ్లు మేతతో గొర్రె కడుపులోకి పోతే, కార్జంలో, అంటే కాలేయంలో, నీటితిత్తులు పెరుగుతాయి. హైడాటిడ్ అంటారు. పైకి ఏమీ తెలియదు. దానికి మేము అప్పుడు ఒక కొత్త మందును పరీక్షిస్తున్నాం. అంతవరకు మందు పనిచేసిందో లేదో తెలియాలంటే గొర్రెను కోసి కార్జం చూడటమే దారి. ఈ మిషన్ వచ్చాక ప్రోబ్‌ను, అంటే చేతిలో పట్టే కొనను, పక్కటెముకల మధ్య ఆనిస్తే తిత్తి తెర మీద నల్లగా, గుండ్రంగా కనబడేది. ఒకే గొర్రెను నెలనెలా చూసి, తిత్తిని కొలవవచ్చు. మందు తాగించే గొర్రెలు ఆరు. ఆరింటికీ తిత్తులు మేము ముందే గుడ్లు తినిపించి తెప్పించినవే.

వాటిని చూసుకునేది మల్లవ్వ. రామారెడ్డిలో పుట్టి ఎల్లారెడ్డికి కాపురానికి వచ్చిన, గొర్రెలు కాసే కురుమల మనిషి, నా ఈడుదే. కుడిపక్క ఉన్ని ఆమే కత్తిరించేది. ప్రోబ్‌కు రాసే జెల్ చల్లగా తగిలితే గొర్రె ఉలిక్కిపడేది, బొమ్మ చెదిరేది. ఎవరూ చెప్పకుండానే ఆమె జెల్ ట్యూబు బొడ్లో దోపుకుని, వెచ్చబడ్డాక ఇచ్చేది. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా పిలుపు మార్చుకోలేదు.

"డాక్టరమ్మా, దీన్ని మా ఇంటాయన కడుపు మీద పెట్టరాదు? ఎన్ని అబద్ధాలున్నయో నీకు లెక్క దొరుకుతది," అనేది.

పని అయ్యాక ఇద్దరం గడ్డిమోపు మీద కూర్చుని ఆమె తెచ్చిన జొన్నరొట్టె తినేవాళ్లం. నా ఉద్యోగంలో మళ్లీ కావాలనిపించే పొద్దులు అవే.

ముఖాన తెల్లమచ్చ ఉన్న గొర్రెను మల్లవ్వ బొల్లి అని పిలిచేది. దాని తిత్తి మొదట నలభై రెండు మిల్లీమీటర్లు. నవంబరుకు పద్దెనిమిది. నేను వేళ్లతో చూపిస్తే, నిమ్మకాయ రేగుపండైందని నవ్వింది. ఇక ఇది బతికిపోయిందని బొల్లి చెవి నిమిరింది. మేమూ అలాగే అనుకున్నాం.

డిసెంబరులో పైనుంచి ఉత్తరం వచ్చింది. మిషన్ చూపిన కొలతలు నిజమో కాదో పోస్ట్‌మార్టం చేసి సరిచూడాలట. ఆరింటినీ. మందు ఎక్కిన మాంసం కనుక సున్నం వేసి పాతిపెట్టాలి. మా ప్రయోగశాల డాక్టరు గారు షెడ్డుకు వచ్చి మల్లవ్వకు నెమ్మదిగా చెప్పారు. ఈ ఒక్కసారి కోసి చూస్తే, ఇకముందు కోయాల్సిన పని ఉండదన్నారు.

ఆమె బొల్లి పక్కకు వచ్చి నిలబడింది.

"మా ఇంట్ల కోసుడు కొత్త కాదు సారు. కోస్తే నలుగురు తింటరు, లేకుంటే దేవునికి ముడుతది. మీరు నమ్మని మిషన్‌తోని ఇన్నొద్దులు ఏం సూసిండ్రు? దాని మాట నిజమని తెలుసుకునేటందుకు ఇవి మన్నుల కలవాల్నా?"

డాక్టరు గారు తల దించుకున్నారు. బొల్లిని ఇంటికి తోలుకుపోతానని మల్లవ్వ అడిగింది. మందు ఎక్కిన జీవం షెడ్డు దాటకూడదని చెప్పాల్సి వచ్చింది.

కోసేరోజు ఒక్కొక్క గొర్రెనూ తనే తలుపు దాకా తెచ్చి, తాడు నా చేతికిచ్చింది. లోపలికి రాలేదు. బొల్లిని చివరన తెచ్చింది. దాని కార్జంలో తిత్తి స్కేలు మీద పద్దెనిమిదే. తెర మీద చూసినదానికి వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మాట చెబుదామని బయటికి వచ్చేసరికి మల్లవ్వ వెళ్లిపోయింది. మళ్లీ పనిలోకి రాలేదు.

తర్వాతి జట్టు గొర్రెలను మేము కోయలేదు. బొమ్మలు చాలన్నారు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని ఎల్లారెడ్డిలో వాళ్ల ఇంటికి పోయాను. తాళం వేసి ఉంది. మందతో నిజాంసాగర్ దిక్కు పోయిండ్రని పక్కింటివాళ్లు అన్నారు. రామారెడ్డిలోనూ అడిగాను, ఎవరికీ తెలియదు. ఇప్పటికీ బస్సు భిక్నూర్ దాటేటప్పుడు రోడ్డు పక్కన మంద కనిపిస్తే, గొంగడి కప్పుకున్న ముఖాలను వెతుకుతాను. కనబడితే మొదట చెప్పేది, తర్వాతి గొర్రెలను కోయలేదన్న ఆ ఒక్క మాటే.

ఆ ఏడాది పని నుంచి ఒకటి నేర్చుకున్నాను. ప్రయోగం మొదలయ్యే రోజే దాని చివరిరోజు ఎలా ఉంటుందో పైవాళ్లను అడిగి, జీవాలను సాకే మనిషికి చెప్పాలి. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ప్రతిసారీ చెప్పాను. విని పని వద్దని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఆపలేదు.

ఆ ఏడాది పోయినవి: గొర్రెలు ఆరు. మనిషి ఒకరు.