మాపు కనపడని రంగు

మా మరదలు సిటీ బస్సు నడుపుతుంది. మా తమ్ముడు ఈ పిల్లని చేసుకుంటానని చెప్పినరోజు నేను ముక్కున వేలేసుకున్నాను. నిలబడితే నా భుజం దాకా కూడా రాదు, అంత చక్రాన్ని ఎలా తిప్పుతుందే అని మా అమ్మ దగ్గర గొణిగాను కూడా. ఆ తర్వాత ఒకసారి ఆమె బస్సే ఎక్కాల్సి వచ్చింది. మార్కెట్ మలుపులో ఒకవైపు తోపుడుబండ్లు, ఇంకోవైపు గోడ, మధ్యలో ఎవడో స్కూటర్ పెట్టేసి పోయాడు. నేనైతే వాడి ఏడుతరాల్నీ తిట్టేదాన్ని. ఈవిడ హారన్ కూడా కొట్టలేదు. అద్దంలోకి ఒక చూపు, గోడకేసి ఒక చూపు, నిండా జనం ఉన్న బస్సుని వేడిపాల గిన్నె దింపినంత జాగ్రత్తగా అటు దాటించింది. దిగేదాకా నేను ముందుసీటు కడ్డీ వదల్లేదు. ఆవిడకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

ఆ పని ఆమెకి ఊరికే రాలేదు. మొదట అదే డిపోలో కండక్టరుగా చేరింది. టిక్కెట్లు కొడుతూనే డ్రైవరు పాదాలు ఎప్పుడు ఏది తొక్కుతున్నాయో చూసేదట. నీకెందుకమ్మా డ్రైవింగు అని అందరూ నవ్వితే తనూ వాళ్లతోపాటు నవ్వేసి, సెలవురోజుల్లో వెళ్లి నేర్చుకుంది. మాటలు తక్కువ మనిషి. ఆ లోటు మా ఇంట్లో నేను తీరుస్తాను. నేను మూడిళ్ల అవతలే ఉంటాను, ఇంట్లోనే మిషను కుడతాను, రోజుకి పదిసార్లు వాళ్లింటికి వెళ్తాను. పిలవక్కర్లేదు.

అలాంటి మనిషి కుడిచెయ్యి విరిగింది. పోనీ బస్సు నడుపుతూ విరిగిందా అంటే అదీ లేదు. డిపోలో బస్సులు కడిగేచోట సబ్బునీళ్ల మీద కాలు జారి, భుజం కింద ఎముక విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి చెయ్యి చెయ్యిలా లేదు. సన్నబడి, పాలిపోయి, ఎవరిదో తెచ్చి అతికించినట్టు వేలాడుతోంది. తల దువ్వుకోవడానికి ఎత్తబోతే సగంలోనే ఆగిపోయేది. నేనే వెళ్లి జడ వేసేదాన్ని. వేస్తున్నంతసేపూ అద్దంలోకి చూసేది కాదు.

డిపోవాళ్లని తప్పుపట్టను. చెయ్యి బాగుపడేదాకా పాసులిచ్చే కౌంటర్లో కూర్చోమన్నారు. తర్వాత ఒకరోజు పరీక్ష పెడతాం, స్టీరింగ్ తిప్పగలిగితే మళ్లీ బస్సిస్తాం, లేకపోతే ఇక కౌంటరే అన్నారు. మా తమ్ముడైతే లోపల్లోపల సంతోషించాడు, హాయిగా నీడపట్టున కూర్చునే పని అని. లోపలే ఉంచుకుని ఊరుకున్నా బాగుండేది, పైకి అనేశాడు. ఆ పూట ఆమె తినకుండా పడుకుంది. మర్నాడు నాతో చెప్పింది, కౌంటరు అద్దం అవతలనించి రోజంతా బస్సులు బయటికి వెళ్తుంటే చూస్తూ కూర్చోవాలి, అది నావల్ల కాదు వదినా అని. ఆమెకి కావలసింది ఆ స్టీరింగ్ ఒక్కటే. ఇంకేదీ అక్కర్లేదు.

రబ్బరు పట్టీ అప్పుడే మా ఇంట్లోకి వచ్చింది. ఆస్పత్రిలో ఎక్సర్‌సైజులు చేయించే డాక్టరమ్మ ఒకావిడ ఉంది, మా అమ్మాయి వయసే ఉంటుంది. ఆ పిల్ల ఒక పసుపురంగు పట్టీ చేతిలో పెట్టింది. బెత్తెడు వెడల్పు, మనిషంత పొడుగు, పల్చగా ఉంటుంది, లాగితే సాగుతుంది. ఒక చివర ముడి వేసి, ఆ ముడిని తలుపు అవతల ఉంచి తలుపు మూసేయాలట. రెండో చివర చేతికి చుట్టుకుని, మోచెయ్యి నడుముకి ఆనించి, మెల్లగా పక్కకి లాగి మెల్లగా వదలాలి. నొప్పి పుడితే అక్కడే ఆపేయాలి. ఇది బాగా తేలికైపోయిందనిపించినప్పుడు రండి, తర్వాత సంగతి చూద్దాం అని చెప్పి పంపింది. నాకు నవ్వాగలేదు. ఎలాస్టిక్ నాకు కొత్తా? లంగా నడుముకి వేసే సరుకుతో ఎముకలు బాగుపడతాయా అని వెటకారం చేశాను. ఆమె విననట్టే తలుపు మూసి మొదలుపెట్టింది.

పొద్దున్నే పొయ్యిమీద పాలు పెట్టి, వంటింటి తలుపు దగ్గర నిలబడి లాగేది. సాయంత్రం డిపోనించి రాగానే మళ్లీ లాగేది. ఒకరోజు మా తమ్ముడు సంగతి మరిచిపోయి అవతలనించి తలుపు తోసుకుని వచ్చాడు. ముడి ఊడి, పట్టీ వచ్చి ఆమె ముక్కు మీద ఛెళ్లున తగిలింది. చెయ్యి విరిగాక ఆమె పగలబడి నవ్వడం నేను చూసింది అప్పుడే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, గుణం కనిపించింది కూడా. కుడిచేత్తో గ్లాసు పట్టుకుంది. పట్టీ మూరెడు సాగుతోంది. నేను వెటకారం కాస్త తగ్గించాను.

అంతలో మా తమ్ముడి తెలివి అడ్డొచ్చింది. వాడు లాండ్రీలో పనిచేస్తాడు, మీసాలు రాకముందునించీ అదే పని. వాడి కళ్లకి లోకంలో ఉన్నవి రెండే రంగులు. మాపు కనపడేది ఒకటి, కనపడనిది ఒకటి. ఆ పసుపు పట్టీ చెమటకీ చేతుల జిడ్డుకీ మాసిపోయి తలుపుకి వేలాడుతుంటే వాడికి ప్రాణం ఒప్పలేదు. ఆమె కౌంటరుకి వెళ్లాక దాన్ని మరిగే నీళ్లలో సోడా వేసి నానబెట్టి, రుద్ది ఉతికి, మిట్టమధ్యాహ్నం ఎండలో దండెం మీద ఆరేశాడు. క్లిప్పులు కూడా పెట్టాడు మహానుభావుడు. సాయంత్రం ఆమె లాగీ లాగగానే టప్పుమని రెండు ముక్కలైంది. ఆమె వెనక్కి తూలి గోడకి కొట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. రబ్బరుని సోడాలో ఉడకబెట్టిన మొనగాడివి నువ్వొక్కడివేరా అని చెడామడా దులిపేశాను. వాడు మొహం వేలాడేసుకుని, అప్పటికప్పుడే చెప్పులేసుకుని బజారుకి పరిగెత్తాడు.

ఆటసామాన్ల కొట్లో అన్ని రంగుల పట్టీలూ వరసగా వేలాడుతున్నాయట. వీడు నల్లది తెచ్చాడు. నల్లదేమిట్రా అంటే, మాపు కనపడదక్కా అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట మా ముగ్గురికీ సబబుగానే తోచింది.

మర్నాడు పొద్దున నల్లపట్టీని తలుపులో బిగించి లాగింది. కదల్లేదు. మళ్లీ లాగింది. వెంట్రుకవాసి సాగి ఆగిపోయింది. నేను అక్కడే ఉన్నాను. ఆమె మొహంలో రంగు దిగిపోవడం చూసి, కొత్తది కదా, బిర్రుగానే ఉంటుంది, నాలుగు రోజులు పోతే అదే వదులవుతుందిలే అన్నాను. ఆమె తలూపింది. లోపల అనుకున్నది వేరే. నిన్నటిదాకా మూరెడు లాగిన చెయ్యి ఇవాళ అంగుళం లాగలేకపోతోందంటే, పట్టీ తెగినప్పటి కుదుపుకి లోపల అతుకు వీడిపోయిందని అనుకుంది. చెయ్యి ఇక పోయినట్టేనని తీర్మానించుకుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చుగా అంటారు. వెళ్తే ఆ పిల్ల చెయ్యి పట్టి చూస్తుంది, పనికిరాదని డిపోకి చెప్పేస్తుంది, అంతటితో బస్సు అయిపోతుంది. ఆ భయంతో వెళ్లలేదు. తేలికైనప్పుడు కదా రమ్మన్నారు, ఇంకా తేలిక కాలేదు అని మాకు చెప్పి తప్పించుకుంది. అబద్ధం కూడా ఆడలేదు చూడండి.

ఇక రోజూ అదే తంతు. లాగుతోందన్నమాటే గానీ, చూసేవాళ్లకి ఊరికే తలుపుకెదురుగా నిలబడ్డట్టుండేది. మెడమీద నరం ఉబ్బేది, పై పెదవి మీద చెమట పట్టేది, పట్టీ మాత్రం ఉన్నచోటే ఉండేది. నొప్పి మొదలవగానే డాక్టరమ్మ చెప్పినట్టు ఆపేసేది. ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలెట్టేది. పాలు పొంగిపోతున్నా కదిలేది కాదు, నేనే పరిగెత్తి తిట్టుకుంటూ దింపేదాన్ని. కళ్లు తుడుచుకుంటుంటే ఒకటి రెండుసార్లు నా కంటపడింది. ఏమైందే అంటే ఏం లేదు వదినా అనేది. వారాలు గడిచాయి. పట్టీ బెత్తెడు సాగింది, తర్వాత జానెడు సాగింది. మేము సంబరపడ్డాం. ఆమె మొహం మాత్రం విచ్చుకోలేదు. పాత మూరెడు ఆమెకి గుర్తుంది.

పరీక్ష దగ్గరికొచ్చింది. దానికి ముందు డాక్టరమ్మ సరే అనాలి, ఇక తప్పించుకునే దారి లేదు. నన్ను తోడు రమ్మంది. డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, గోడకున్న కొక్కేనికి ఒక ఎర్రపట్టీ తగిలించి లాగమంది. మా మరదలు కాళ్లు ఎడంగా పెట్టి, పళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని లాగింది. చెయ్యి విసురుగా పక్కకి వెళ్లి బల్లమీదున్న గ్లాసుని ఎగరగొట్టింది. నీళ్లన్నీ నా ఒళ్లో పడ్డాయి.

ఆమె హడలిపోయింది. "క్షమించండి మేడమ్, ఇది బాగా వదులైపోయినట్టుంది. ఇంకోటి ఉంటే పెట్టండి" అంది.

డాక్టరమ్మ పట్టీని చూసింది, ఆమెని చూసింది. అది ఆ పొద్దునే కొత్త చుట్టలోంచి కోసిందట. ఇంట్లో ఏది వాడుతున్నారని అడిగింది. మా మరదలు సంచిలోంచి నల్లపట్టీ తీసి బల్లమీద పెట్టింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగి చూసింది.

"ఇది మీకెవరిచ్చారక్కా?"

"మావారు తెచ్చారు. మాపు కనపడదని."

అప్పుడు చెప్పింది. ఒక్కో రంగు ఒక్కో బిగువట. పసుపు అన్నిటికన్నా తేలిక, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అవన్నీ దాటాక ఎక్కడో చివర్న నలుపు. బరువులెత్తి కండలు పెంచినవాళ్లకే అది చెమటలు పట్టిస్తుందట. కొత్తగా అతికిన ఎముకతో దీన్ని మొండిగా గుంజి ఉంటే మళ్లీ మొదటికొచ్చేది, నొప్పి దగ్గర ఆగారు కాబట్టి బతికిపోయారు అని మా ఇద్దరికీ తలంటుపోసింది. తిడుతూనే ఆ చెయ్యి మాత్రం వదలడం లేదు. భుజం మీద కండని వేళ్లతో నొక్కి నొక్కి చూస్తోంది, నమ్మలేనట్టు.

మా మరదలు ఉన్నపళాన కుర్చీలో కూలబడింది. "అయితే నా చెయ్యి పోలేదా మేడమ్?" అని చాలా మెల్లగా అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నతో నాకు మొత్తం అర్థమైంది. బాగుపడుతున్నానని తెలిస్తే ఎవరైనా లాగుతారు, నేనూ లాగుతాను. ఈ పిల్ల అంతా అయిపోయిందని నమ్ముతూ రోజూ పొద్దున్నే లేచి లాగింది. పెదవి విప్పలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు, మా అందరికీ టీలు పెట్టింది. ఇంటికొచ్చి మా తమ్ముడికి చెప్తే వాడు నల్లపట్టీ వైపు పాముని చూసినట్టు చూశాడు. చాలాసేపటికి తేరుకుని, కొట్టువాడు మార్చి ఇస్తాడేమో అడగనా అన్నాడు. వీణ్ణేం చెయ్యాలో మీరే చెప్పండి.

పరీక్షకి నేనూ వెళ్లాను. అక్కడి ఇన్‌స్పెక్టరుని అందరూ చాటుగా సడన్ బ్రేకు అంటారు, ఎవరేం చెప్పబోయినా మధ్యలోనే ఆపేస్తాడని. ఆయన డిపోలోకెల్లా పాత బస్సుని బయటికి తీయించాడు. కొత్త బస్సుల్లో స్టీరింగ్ వేలితో తిప్పినా తిరుగుతుందట. దీన్ని తిప్పాలంటే మగ డ్రైవర్లే సీట్లోంచి సగం లేవాలి. దాన్ని రెండు షెడ్ల మధ్య సందులోకి వెనక్కి తీసుకెళ్లి పెట్టమన్నాడు. నేను గేటు దగ్గర చేతిసంచి పిసుకుతూ నిలబడ్డాను.

బస్సు కదిలింది. కిటికీలోంచి ఆమె కుడి మోచెయ్యి ఒక్కటే కనపడుతోంది. పైకి లేచింది, చక్రం మీదుగా వెళ్లింది, కిందికి దిగింది. మళ్లీ లేచింది. తొందర లేదు, తడబాటు లేదు. ఆమె సీట్లోంచి లేవనే లేదు. గోడవారన టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు చేత్తో పట్టుకుని అలాగే చూస్తుండిపోయారు. అంత బస్సూ ఇటు గోడకీ అటు గోడకీ తగలకుండా ఆ సందులోకి వెళ్లి కుదురుగా నిలబడింది. ఈ మనిషి మా ఇంటి మనిషేనా అనిపించింది. సడన్ బ్రేకు బస్సు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, రేపట్నించి డ్యూటీకి రమ్మని చెప్పి ఆఫీసులోకి వెళ్లిపోయాడు.

నేను నీళ్లసీసా పట్టుకుని బస్సెక్కాను. ఆమె రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఆస్పత్రిలో ఉన్నప్పటినించీ నా గొంతులో తిరుగుతున్న మాట అడిగేశాను.

"చెయ్యి పోయిందనే కదే అనుకున్నావు. మరి రోజూ ఎందుకు లాగావు?"

ఆమె ముందున్న పెద్ద అద్దంలోంచి బయటికి చూస్తూ కాసేపు ఆలోచించింది. ఇంతవరకూ ఆ ప్రశ్న తనకి తను వేసుకోనట్టుంది.

"లాగడం మానేస్తే ఆ రోజునించే నేను డ్రైవర్ని కానట్టు కదా వదినా. పరీక్షలో ఎలాగూ తీసేస్తారనుకున్నాను. అప్పటిదాకా అయినా ఉందామని లాగాను."

నీళ్లు తాగి, సీసా నా చేతికిచ్చి, కూర్చోండి, బస్సు మళ్లీ బయటికి తీయాలి అంది. నేను నోరెత్తకుండా వెళ్లి ఆమె వెనక సీట్లో కూర్చున్నాను.